బెజవాడలో గిట్టుబాటుగా నాలుగు రకాల వంటలు తినడం ఎలా?

"ఆదివారం నలుగురం బయట భోజనం చేయాలనుకుంటున్నాం, మనిషికి రెండు వందల రూపాయలు దాటకూడదు, రోజూ ఇంట్లో తినే పప్పూ సాంబారూ కాకుండా వేరే ఏదైనా ఉండాలి, ఎక్కడికి వెళ్లమంటారు?" ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా ఎదురవుతుంది. మొదట్లో నేను హోటళ్ల పేర్లు రాసి ఇచ్చేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఆ జాబితాలో సగం పనికిరాకుండా పోయేది, ఎందుకంటే వంటమాస్టరు మారిపోతాడు, యజమాని హోటలును లీజుకు ఇచ్చేస్తాడు, బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ఇప్పుడు పేర్లు చెప్పడం మానేసి, హోటలును ఎంచుకునే పద్ధతి చెబుతున్నాను. ఏ వంటగదిలో ఏ వంటకం పొద్దుటినుంచి పొయ్యి దిగకుండా తయారవుతూ ఉంటుందో, అక్కడ అదే తాజాగా ఉంటుంది, సాధారణంగా అదే చవకగానూ ఉంటుంది. కింద రాసినదంతా ఆ వంటకం ఏదో కనిపెట్టి, దానికి మాత్రమే డబ్బు చెల్లించి బయటపడే మార్గం.

కావలసినవి

- మనిషికి ఇంత అని ఇంటి దగ్గరే తేల్చుకున్న మొత్తం.
- ఇరవై, యాభై, వంద నోట్లు కలిపి 500 రూపాయలు. యూపీఐ అన్నిచోట్లా ఉన్నా, మధ్యాహ్నం రద్దీలో సిగ్నలు అందని ఇరుకు సందుల్లో చిల్లరే ఆదుకుంటుంది.
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి, ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా ఒకటి.
- ధర అడగడానికి మొహమాటపడని మనిషి ఒకరు. ప్రతి కుటుంబంలోనూ ఒక మేనత్తో పిన్నో ఉంటారు, వారిని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి.

1. తలసరి లెక్కను ఇంట్లోనే వేసుకోండి

చాలామంది మెనూ కార్డు మీది ధరనే ఖర్చు అనుకుంటారు. పటమట నుంచి వన్ టౌన్‌కు రానూపోనూ ఆటోకు 300 రూపాయలు ఇచ్చి, అక్కడ నలుగురూ కలిసి 600 రూపాయల భోజనం చేశారనుకోండి. తలసరి 150 పడిందని సంతోషిస్తారు గాని, నిజానికి పడినది 225. అదే రోజు ఇంటి పక్క వీధిలో నడిచి వెళ్లి మనిషికి 200 పెట్టి తిన్నవారు మీకంటే తక్కువ ఖర్చు పెట్టినట్టు. కాబట్టి ప్రయాణం, బండి పార్కింగు, నీళ్లు, పన్ను అన్నీ కలిపి, మొత్తాన్ని తలలతో భాగించండి. దూరం వెళ్లాలనే అనిపిస్తే, బట్టలు కొనడానికో కూరగాయలకో ఎలాగూ ఆ వైపు వెళ్లే రోజున భోజనాన్ని దానికి జత చేయండి.

2. వేళను చూసి బయలుదేరండి

ఒకే హోటల్లో ఒకే పదార్థం ఉదయం ఏడున్నరకు ఒక రకంగానూ, పదిన్నరకు మరో రకంగానూ ఉంటుంది. టిఫిను కావాలంటే తొమ్మిదిలోపు వెళ్లండి. పది దాటిన తరువాత వచ్చే కొబ్బరి చట్నీని నాలుక మీద కొంచెం వేసుకుని చూశాకే ఇడ్లీ ముంచండి. రోహిణీ కార్తె ఎండల్లో అది గంటలోనే పులుపు తిరుగుతుంది. అనుమానంగా ఉంటే అల్లం చట్నీతోనో, నెయ్యీ కారప్పొడితోనో తినడం మేలు. గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ వెన్న వేసి ఇచ్చే ఇడ్లీకి పేరుపొందినది. అలాంటి చోట ఆదివారం పొద్దున్న నిలబడి తినవలసి వస్తుందని తెలిసే వెళ్లాలి.

మీల్స్‌కు పన్నెండుంపావు నుంచి ఒంటిగంట మధ్య వెళ్లడం ఉత్తమం. రెండు దాటితే వేపుడు అయిపోతుంది, రసం పలచబడుతుంది, ధర మాత్రం తగ్గదు. బిర్యానీకి మొదటి హండీ దింపే వేళను కౌంటరు దగ్గర ఫోను చేసి కనుక్కోవచ్చు, వారేమీ తప్పుగా అనుకోరు.

నెలలు కూడా చూసుకోవాలి. కార్తీకమాసంలో మాంసాహారం తినేవారు తగ్గుతారు గనుక చిన్న హోటళ్లలో మాంసం నిలవ ఉండే ప్రమాదం ఎక్కువ; ఆ రోజుల్లో గిరాకీ బాగా ఉన్న బిర్యానీ హోటలుకే వెళ్లండి. దానికి మారుగా, అయ్యప్ప దీక్షల కాలంలో చాలా హోటళ్లు స్వాముల కోసం ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరుగా వండుతాయి, ఆ వంట తేలికగా, శుభ్రంగా ఉంటుంది, మాల వేసుకోనివారు కూడా అడిగి తినవచ్చు. దసరా నవరాత్రుల్లో మాత్రం బస్టాండు, రైల్వే స్టేషను, కొండ చుట్టుపక్కల భోజనం పెట్టుకోకండి. జనం ఎక్కువ, వడ్డన తొందర, వంట అంతంతమాత్రం.

3. ఏ పేటలో ఏ వంట దొరుకుతుందో తెలుసుకోండి

బెజవాడను మనం పెసరట్టుకూ పచ్చళ్లకూ పరిమితం చేసి మాట్లాడతాం గాని, రైలు జంక్షనూ రెండు జాతీయ రహదారులూ హోల్‌సేల్ మార్కెట్లూ ఉన్న ఊళ్లో దేశంలోని నాలుగు దిక్కుల వంటా దొరకడంలో వింత లేదు. చేయవలసిందల్లా, ఆ వంట తిని పెరిగినవారు ఎక్కడ తింటున్నారో అక్కడికి వెళ్లడం.

వన్ టౌన్‌లో వస్త్రలత, జైన్ టెంపుల్ వీధి ప్రాంతాల్లో రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి వచ్చి తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడి సందుల్లో మేడమీద, బోర్డు సరిగా కనపడని చిన్న భోజనాలయాలను వెతకండి. ఫుల్కాలు, పప్పు, రెండు కూరలు, మజ్జిగ, అంతే. బయటి గోడ మీద రంగురంగుల ఫొటోలు ఉండవు. లోపల మాత్రం ఫుల్కా పెనం మీంచి మంట మీదికి వెళ్లి, బుడగలా పొంగి, నెయ్యి పూసుకుని మీ పళ్లెంలో పడేదాకా అర నిమిషం పట్టదు. మొదటిది చల్లారేలోపు రెండోది వస్తుంది. జైన పద్ధతి పాటించే చోట ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ వంటి దుంపలు ఉండవు. నిష్ఠగా ఉండేవారు సూర్యాస్తమయం తరువాత భోజనం చేయరు, అందుచేత రాత్రి తొమ్మిదికి వెళ్లి తలుపు వేసి ఉందని నిరాశపడకండి.

అదే వన్ టౌన్‌లో పంజా సెంటర్ వైపు ముస్లిం హోటళ్లు ఉన్నాయి. బిర్యానీ ఒక్కటే అడిగి వచ్చేయకండి. పొద్దుటిపూట పరోటాతో ఖీమా, సాయంత్రం సమోసాతో చాయ్ అక్కడి అసలు గిరాకీ. రంజాన్ నెలలో హలీం కోసం వెళ్లేవారు ఇఫ్తార్ ముగిసి, ఉపవాసం ఉన్నవారు తిని లేచాక వెళ్లడం మర్యాద, అప్పటికి వరుస కూడా తగ్గుతుంది.

ఆటోనగర్, గొల్లపూడి వైపు లారీలు ఆగే ధాబాల్లో రోటీ, తడ్కా పప్పు బాగుంటాయి. కుటుంబంతో వెళ్లేటప్పుడు పగటిపూట వెళ్లి, మరుగుదొడ్డి సంగతి ముందే చూసుకోండి. మొమోలు, పానీపూరీ కావాలంటే బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట చుట్టుపక్కల సాయంత్రం తిరిగితే చాలు. మండీ, అరేబియన్ గ్రిల్లు, చైనీస్ అని బోర్డు పెట్టిన ఏసీ రెస్టారెంట్లు బెంజి సర్కిల్, మొగల్‌రాజపురం, లబ్బీపేట ప్రాంతాల్లో ఎక్కువ. అద్దెలు ఎక్కువగా ఉండే చోట అద్దె కూడా మీ పళ్లెంలోనే కూర్చుంటుంది. అలాంటి వాటికి ఆదివారం రాత్రి కాకుండా, మామూలు రోజుల్లో మధ్యాహ్నం కాంబో ఏదైనా పెట్టారేమో చూసి వెళ్లండి.

గుంటూరు వెళ్లేవారు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఇదే పద్ధతి పాటించవచ్చు. అక్కడ ఒక్కటే అదనపు జాగ్రత్త: "కారం కొంచెం తగ్గించండి" అని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి, వడ్డించాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

4. లోపలికి వెళ్లే ముందు రెండు నిమిషాలు బయట నిలబడండి

ఈ మెట్టును దాటవేసేవారే తరువాత నాకు ఫిర్యాదు చేస్తారు. రెండు నిమిషాల్లో ఇవి చూడాలి.

ముందుగా తింటున్నవారిని చూడండి. ఫుల్కా హోటల్లో మార్వాడీ గుమాస్తాలు, ధాబాలో లారీ డ్రైవర్లు, మొమోల బండి దగ్గర ఉత్తరాది, ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు ఉంటే అక్కడి వంట వారి నాలుకకు నచ్చినట్టే లెక్క. అమరావతి వైపు వీఐటీ, ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయాలు వచ్చాక శని, ఆదివారాల్లో బెజవాడకు వచ్చే బయటి రాష్ట్రాల పిల్లల సంఖ్య పెరిగింది. వారు గుంపుగా నిలబడిన బండిని నేను ఏ రేటింగు కంటే ఎక్కువగా నమ్ముతాను.

తరువాత నూనె మూకుడును చూడండి. వేడెక్కకముందే పొగ రావడం, నురగ తగ్గకుండా నిలవడం, రంగు నల్లగా మారడం, ఇవి మళ్లీమళ్లీ కాచిన నూనె గుర్తులు. వంటనూనెలో పాడైన భాగం, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దాటితే ఆ నూనెను వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. మీటరు పెట్టి కొలవడం మన పని కాదు గాని, మూకుడు పక్కన నిలబడితే గొంతులో దురద పుడితే చాలు, పునుగులు వేరేచోట తినండి.

చైనీస్ బండి అయితే అన్నం గిన్నె మీద మూత ఉందో లేదో, నూడుల్స్ ఎండలో ఆరబెట్టి ఉన్నాయో లేదో గమనించండి. పొద్దున్న వండి బయట వదిలేసిన అన్నాన్ని రాత్రి వేయించి ఇస్తే పెద్దమంట కూడా దాన్ని బాగుచేయలేదు. ఫ్రైడ్‌రైస్ సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య తినండి, పదకొండు తరువాత వద్దు.

చివరగా, గోడ మీద ఆహార భద్రత లైసెన్సు ఉందో లేదో చూడండి. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన వంట బాగుంటుందని కాదు. అయితే రేపు కడుపు చెడితే ఫిర్యాదు చేయడానికి ఆ నంబరే ఆధారం.

5. ఒక్కొక్క చోట ఒక్కొక్క పద్ధతిలో ఆర్డరు ఇవ్వండి

కూర్చోగానే మెనూ కార్డు తెరవకండి. సర్వరును, "ఇప్పుడు ఏది వేడిగా ఉంది, ఎక్కువగా ఏది పోతోంది?" అని అడగండి. "అన్నీ బాగుంటాయండీ" అంటే పక్క బల్లల వంక చూడండి. పదింట్లో ఏడు బల్లల మీద ఉన్నది ఏదైతే అదే మీ భోజనం. ఉడుపి హోటల్లో పనీర్ బట్టర్ మసాలా అడగడం, ధాబాలో చేపల పులుసు అడగడం, బిర్యానీ హోటల్లో దోసె అడగడం బయట భోజనంలో జరిగే తప్పుల్లో అతి సాధారణమైనవి. కార్డులో ఉన్నాయి గనుక తెచ్చి ఇస్తారు, కాని అవి ఫ్రిజ్‌లోంచి వస్తాయి.

మీల్స్: ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్, పార్సిల్ మీల్స్ మధ్య తేడా తెలుసుకోండి. ప్లేట్ మీల్స్‌లో మారు వడ్డన ఉండదు, ఫుల్ మీల్స్‌లో ఉంటుంది. ఫుల్ మీల్స్ ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకోవడానికి ఎక్కడా ఒప్పుకోరు, అది న్యాయమే. చిన్నపిల్లలూ, మితంగా తినే పెద్దవారూ ఉన్నప్పుడు మాత్రం పార్సిల్ మీల్స్ మంచి ఉపాయం, చాలాచోట్ల అందులో కట్టే అన్నం ఒక మనిషి తినేదానికంటే ఎక్కువే ఉంటుంది. అన్నం ఇంట్లో వండుకుని, కర్రీ పాయింటు నుంచి రెండు కూరలూ ఒక వేపుడూ తెచ్చుకుంటే ఇంకా కలిసివస్తుంది, అయితే దాన్ని బయట తిన్నట్టు లెక్కించడానికి మా ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు.

బిర్యానీ: ఫ్యామిలీ ప్యాక్ ఎప్పుడూ చవక అని నమ్మకండి. ఉదాహరణకు సింగిల్ 180, నలుగురికని చెప్పే ఫ్యామిలీ ప్యాక్ 650 అనుకుందాం. నాలుగు సింగిళ్లు 720 గనుక 70 మిగిలినట్టు కనిపిస్తుంది. కాని మీ ఇంట్లో ఒక అమ్మమ్మ, ఒక ఆరేళ్ల పిల్ల ఉంటే మూడు సింగిళ్లు, అంటే 540 రూపాయలతో సరిపోతుంది. బకెట్ అయినా జంబో అయినా "ఎంతమందికి వస్తుంది?" అని అడిగితే వారు తినేవారిని లెక్కపెట్టరు, అమ్మేవారిగా జవాబు చెబుతారు, "ఎన్ని ముక్కలు వేస్తారు?" అని అడగండి. దమ్ బిర్యానీలో మసాలా అడుగున, తెల్ల అన్నం పైన ఉంటుంది గనుక "అడుగునుంచి తీసి పెట్టండి" అని వడ్డించకముందే చెప్పాలి. మన వైపు ఎక్కువగా దొరికే ఫ్రై పీస్ బిర్యానీలో అన్నం, ముక్క వేరువేరుగా తయారవుతాయి. అన్నం పొగలు కక్కుతూ, ముక్క మాత్రం చల్లగా, పీచులా ఉంటే అది పొద్దుటి వేపుడు. తినకముందే మార్చమని అడగండి, సగం తిన్నాక అడగడం బాగుండదు.

మండీ: ఇది యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతపు వంట, హైదరాబాదు బార్కస్ మీదుగా మన ఊళ్లకు వచ్చింది. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేదే దీని అసలు పద్ధతి, కాబట్టి ఒంటరిగా వెళ్లి తింటే గిట్టుబాటు కాదు. మసాలా తక్కువ, అందువల్ల మనవారు చప్పగా ఉందని మయోనీసు, అదనపు గ్రేవీ, కబాబు తెప్పించుకుంటారు. బిల్లు పెరిగేది వాటి వల్లే. మాంసం ఎముక నుంచి వేలితో లాగితే ఊడి రావాలి, అన్నం గింజకు గింజ విడివిడిగా ఉండాలి. ఈ రెండూ ఉంటే మండీ సరిగా ఉన్నట్టు, కారం లేదని దాన్ని తప్పుపట్టకండి. తోడిచ్చే టమాటా చట్నీ కారంగా ఉంటుంది, మారు అడగవచ్చు.

ధాబా: ఇక్కడ రోటీలు విడిగా లెక్కవేస్తారు, కూర ఒక్కటే సరిపోతుందనుకుని రోటీల దగ్గర మోసపోతాం. నలుగురికి ఒక పప్పు, ఒక కూర, ఉల్లిపాయ ముక్కలు చాలు. నాన్, బట్టర్ నాన్, కుల్చా అంటూ పోకుండా తందూరీ రోటీ తీసుకోండి. రోటీలు ఒకేసారి పన్నెండు చెప్పకండి, నాలుగు చొప్పున తెప్పించండి. చల్లారిన తందూరీ రోటీ అట్టముక్కతో సమానం.

మొమోలు: ఆవిరి పాత్ర మూత తీసి పళ్లెంలో పెట్టిస్తే తీసుకోండి. వేయించిన మొమోలు చాలాసార్లు పొద్దుటి ఆవిరి మొమోలే.

6. అడగకుండా బల్ల మీదికి వచ్చేవాటిని గమనించండి

కిందటి ఏడాది మా అన్నయ్య కుటుంబంతో ఒక ఏసీ రెస్టారెంటుకు వెళ్లాను. కూర్చున్న నిమిషంలోనే సర్వరు మూడు నీళ్ల సీసాలు తెచ్చి, మూడింటి మూతలూ టకటకా తిప్పేసి, ఒక బుట్టలో మసాలా అప్పడాలు పెట్టి వెళ్లాడు. అప్పడాలు మర్యాదకు ఇచ్చారనుకుని పిల్లలు క్షణంలో ఖాళీ చేశారు. బిల్లులో నీళ్లు, అప్పడాలు, సర్వీసు చార్జీ కలిసి ఒక మనిషి భోజనానికి సరిపడా డబ్బు అయింది. మా వదిన ఇప్పటికీ "ఆ అప్పడాలు ఎంతన్నావు, మరిదీ?" అని ఆటపట్టిస్తుంది.

అప్పటినుంచి నేను కూర్చోకముందే, "మామూలు నీళ్లు చాలండీ, సీసా మూత తీయకండి" అని చెబుతాను. మీరూ అలాగే చెప్పండి. సీసా మీద ముద్రించిన గరిష్ఠ ధరకే ఇవ్వాలని వాదించడం వల్ల లాభం లేదు. బల్ల దగ్గర వడ్డించే రెస్టారెంటుకు ఆ నియమం వర్తించదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దుకాణంలో కొన్న సీసాకు మాత్రం ముద్రించిన ధరకు మించి తీసుకోకూడదు. అప్పడం, సూపు, సలాడు ఏది వచ్చినా "ఇది బిల్లులో పడుతుందా?" అని ఒక్కమాట అడిగాకే చెయ్యి పెట్టండి. చేపలు, రొయ్యల దగ్గర ధరకు బదులు "సైజును బట్టి" అని ఉంటే, వండకముందే చేపను చూసి బరువు, మొత్తం ధర చెప్పించుకోండి.

7. బిల్లును నిలబడి కాదు, కూర్చుని చదవండి

మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, అంటే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. 840 రూపాయలు తింటే 21, 21 కలిపి 882 అవుతుంది. ఏసీ హాలు గనుక పన్ను ఎక్కువ అని ఎవరైనా అంటే నమ్మకండి, 2017 నవంబరు 15 నుంచి ఆ తేడా లేదు. ఏసీకి ఎక్కువ తీసుకోదలిస్తే మెనూ ధరలోనే ఉండాలి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకు మాత్రం 18 శాతం.

బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే అది 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వేస్తే, ఆ పన్ను ఎక్కడికి వెళుతుందో మీరే ఊహించుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులకు ఉన్న సులభమైన జీఎస్టీ పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు పన్నును తమ జేబులోంచి కట్టాలి గాని మీ దగ్గర వసూలు చేయకూడదు. అలాంటి బిల్లు మీద "బిల్ ఆఫ్ సప్లై" అని ఉంటుంది. అనుమానం వస్తే జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఏ పథకమో కనిపిస్తుంది.

సర్వీసు చార్జీ పన్ను కాదు. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పై లెక్కకే 10 శాతం సర్వీసు చార్జీ కలిపితే 84 రూపాయలు పెరిగి, ఆ 84 మీద కూడా జీఎస్టీ పడి, మొత్తం 970 రూపాయల 20 పైసలు అవుతుంది. "ఇది తీసేసి ఇవ్వండి" అని మెల్లగా, స్పష్టంగా చెప్పండి. ఎక్కువమంది తీసేస్తారు. తీయకపోతే బిల్లు ఫొటో తీసుకుని 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు. చార్జీ తీయించాక, వడ్డించిన కుర్రాడు బాగా చూసుకుని ఉంటే ఇరవయ్యో యాభయ్యో అతని చేతికే ఇవ్వండి. గొడవ యజమానితో, అతనితో కాదు.

యాప్‌లో ఆర్డరు ఇచ్చేవారు హోటలు మెనూ ధరను, యాప్‌లోని ధరను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. డిస్కౌంటు అని చూపే మొత్తం ముందే ధరలో కలిసి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ప్యాకింగు, డెలివరీ కూడా కలిపాక వచ్చేది అసలు ధర. నడిచి వెళ్లగలిగిన దూరమైతే స్టీలు డబ్బా పట్టుకుని వెళ్లి తెచ్చుకోండి.

చేతిలో మరీ తక్కువ ఉన్నప్పుడు

అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలే. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్నాయి. వరుసలో నిలబడి, టోకెను తీసుకుని తినాలి, రోజుకొక రకంగా కూర మారుతుంది. అవసరమైనవారు సంకోచించకుండా వెళ్లవచ్చు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి వెళ్లినవారికి దేవస్థానం ఉచిత అన్నప్రసాదం పెడుతుంది. దాన్ని హోటలుతో పోల్చి రేటింగులు ఇవ్వడం మాత్రం తగదు.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

ఒక హోటలు గిట్టుబాటో కాదో మొదటిసారి తిన్నప్పుడే తేల్చకండి. ఆకలి మీద ఏదైనా బాగుంటుంది, కొత్త రుచి మీద మోజూ ఉంటుంది. ఫోనులోనో డైరీలోనో నాలుగు ముక్కలు రాసుకోండి: తలసరి నిజంగా ఎంత పడింది, ఎంత మిగిల్చారు, మూడు గంటల తరువాత దాహం వేసిందా ఆకలి వేసిందా, మర్నాడు పొద్దున్న కడుపు ఎలా ఉంది. తిన్న గంటకే విపరీతమైన దాహం వేస్తే ఉప్పు, మసాలా ఎక్కువైనట్టు. మూడు గంటలకే ఆకలి వేస్తే మీరు తిన్నది రంగూ నూనే తప్ప భోజనం కాదు. మర్నాడు పుల్లటి త్రేనుపులు వస్తే నూనె సంగతి మళ్లీ ఒకసారి చూడాలి, కాకపోతే ఒకే పూట బిర్యానీ, ఐస్‌క్రీము, సోడా మూడూ తీసుకున్నారేమో గుర్తు చేసుకోండి. తప్పంతా హోటలుదే కాకపోవచ్చు.

పళ్లెంలో మిగిలిన పదార్థం వరుసగా రెండుసార్లు ఒకటే అయితే మూడోసారి దాన్ని ఆర్డరు ఇవ్వకండి. మా ఇంట్లో ఆ పదార్థం వెజ్ మంచూరియా. ఆరు నెలలపాటు ప్రతిసారీ తెప్పించి, ప్రతిసారీ నాలుగు ఉండలు డబ్బాలో ఇంటికి తెచ్చి, మర్నాడు పారేశాక గాని మాకు తెలియలేదు.

రెండోసారి వేరే వారంలో, వేరే వేళలో వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం బాగున్న హోటలు మంగళవారం రాత్రి కూడా అలాగే ఉంటే వంటమాస్టరు నిలకడగా ఉన్నాడని అర్థం. మూడోసారి ఇంట్లో పెద్దవారిని తీసుకువెళ్లి, వారేమంటారో వినండి. ఆ తరువాతే పక్కింటివారికి ఆ హోటలు పేరు చెప్పండి. చెప్పేటప్పుడు ఏ వంటకం, ఏ వేళకు అన్నది కూడా కలిపి చెప్పండి, లేకపోతే వారు రాత్రి పదింటికి వెళ్లి దోసె తిని వచ్చి మిమ్మల్ని తిడతారు.